చనిపోయినవారి వంతు

గల్ఫ్‌లో, అల్ హిలాల్ అనే పేటలో నేను వంట చేసిన ఇంటి సార్ జర్మనీ మనిషి. ఇక్కడి యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. తన ఊరి పక్కన ఏటి ఒడ్డున తొమ్మిది వందల ఏళ్ళ కిందట కట్టిన ఒక మఠం గురించి పుస్తకం రాస్తుండేవారు. ఇంట్లో వినేవాళ్ళు లేక, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చుని, ఆ రోజు రాసింది తేలిక ఇంగ్లీషులో నాకు చెప్పేవారు. కడప జిల్లాలో పదో తరగతి తప్పినదాన్ని, నాకెందుకు ఈ గోలంతా అని మొదట్లో విసుక్కునేదాన్ని.

పోనుపోనూ ఆ మఠం మా ఎదురింటంత తెలిసిపోయింది. ఓ జమీందారు తన పాపాలు కడుక్కోవడానికి పొలాలిచ్చి కట్టించాడట. తిండి దగ్గర సన్యాసులు నోరు విప్పకూడదు, ఉప్పు కావాలన్నా సైగే. రెండుసార్లు తగలబడితే రెండుసార్లూ లేపారు. చివరికి రాజుగారి మనుషులు అందరినీ వెళ్ళగొట్టారు. ఊరి రైతులు గోడల రాళ్ళు పీక్కెళ్ళి కొట్టాలు కట్టుకున్నారు. "అంత భక్తీ గొడ్ల పాలయిందా సార్" అంటే ఆయన పడీపడీ నవ్వారు.

మేడం వైద్యం కోసం జర్మనీలోనే ఉండేది. ఆఖరి అధ్యాయం పూర్తిచేసి వెళ్దామని సార్ ఆగారు. ఆమె ఆగలేదు. అంత్యక్రియలకు వెళ్ళి వారానికే తిరిగొచ్చి, మళ్ళీ అదే స్టూలు మీద కూర్చున్నారు. మఠంలో ఒక సన్యాసి పోతే ముప్పై రోజులు అతని చోట అతని వంతు వడ్డించేవారట. తర్వాత దాన్ని తీసుకెళ్ళి గేటు దగ్గరున్న బీదవాడికి పెట్టేవారట. "నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఆమెకు ఇదొక్కటైనా ఒక్కరోజు తప్పకుండా చేయాలి" అన్నారు. ఆయన కళ్ళు చూసి కాదనలేకపోయాను.

పక్కనే ఏదో బిల్డింగ్ కడుతున్నారు. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పని ఆపేస్తారు కాబట్టి, జగిత్యాల వైపు మనిషి ఒకతను మా గోడ నీడన నడుం వాల్చేవాడు. నా ఈడువాడే. నన్ను అక్కా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. వాళ్ళమ్మ కరీంనగర్ ఆస్పత్రిలో ఉందనీ, కంపెనీ సెలవివ్వలేదనీ మొదటి రోజే చెప్పాడు. అంతా విని కూడా, "ఇంట్లో ఎక్కువైందన్నా, పారేసేదెందుకు, తిను" అని మేడం వంతు డబ్బాలో సర్ది అతని చేతిలో పెట్టాను. చనిపోయినవాళ్ళ పేర పెట్టిన అన్నం మనవాళ్ళు ఊరికే తినరు. తల్లి మంచం మీదున్నవాడు అసలే తినడు. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు.

మేడం ఇష్టాలన్నీ చప్పిడి తిండి. టేబుల్ మీంచి తీశాక సార్ చూడకుండా ఉడికిన బంగాళాదుంపల మీద మా కడప కారం చల్లేదాన్ని. అతను ఇష్టంగా తినేవాడు.

పద్దెనిమిదో రోజు సార్ తనే గేటు దగ్గరికొచ్చారు. ఫోన్లో మేడం ఫోటో చూపించి, వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ కూడబలుక్కుని, "మేరీ బీవీ. ఖలాస్. తీస్ దిన్ ఖానా. షుక్రియా" అని దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

అతని చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది.

"సచ్చినామె బువ్వనా ఇది?"

"అవునన్నా."

"మా అమ్మ ఆస్పత్రిల ఉన్నదని నీకు జెప్పిన గదక్కా. ఎర్కుండే పెట్టినవా?"

డబ్బా గోడ మీద పెట్టి ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఎంత పిలిచినా తిరిగి చూడలేదు.

సార్‌కు చెప్పే ధైర్యం లేకపోయింది. మిగిలిన పన్నెండు రోజులూ అతనే తింటున్నాడని అబద్ధమాడాను. నేనే తినొచ్చుగా? ఊళ్ళో మా అమ్మకు ఎనభై దాటాయి, నాకూ భయమే. పిల్లులకు వేశాను. ఇంకొకరి తల్లి విషయంలో మాత్రం ఆ భయం రాలేదు. అతని తల్లి బాగుండాలని మొక్కని దేవుడు లేడు.

మరో నెలకు, ఒక మధ్యాహ్నం గేటు బెల్లు మోగింది. అతనే. గుండు చేయించుకుని ఉన్నాడు.

"అమ్మ వోయి పదొద్దులాయె. కంపెనోళ్ళు పోనియ్యలే. ఫోన్లనే జూసిన" అన్నాడు.

"నా వల్లేనేమో అన్నా" అని ఏడ్చాను. అతను చేతిలో డబ్బా మూత తీసి ముందుకు చాచాడు. ఉడికించిన అలసందలు.

"బబ్బెర గుడాలు. మా అమ్మకు పాణం. క్యాంపుల నేనే ఉడకవెట్టిన. ఎవలకన్న పెట్టాలె గద." నా మొహంలోకి సూటిగా చూశాడు. "సచ్చినామె బువ్వ అక్కా ఇది. నేను జెప్పి పెడుతున్న. తింటవా?"

డబ్బా అందుకున్నాను. గేటు పక్కన గట్టు మీద కూర్చుని, అతను చూస్తుండగా, ఆఖరి గింజ దాకా తిన్నాను.