కరెంటు స్తంభాల మీద అంకెలు

కళ్లాల్లో మిర్చి ఆరబోసే రోజులొస్తే నా భార్యకు ఉబ్బసం ముదురుతుంది. మా పట్టణానికి మూడు వైపులా కళ్లాలే. కిందటేడు ఒక మధ్యాహ్నం ఆమెకు మాట ఆగిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సుకి ఫోన్ చేశాను.

కంట్రోల్ రూమ్ అమ్మాయి అడ్రస్ అడిగితే డోర్ నంబరు చెప్పాను.

"దగ్గర్లో గుడి ఏమైనా ఉందా సార్?"

ఉంది. మా సందు మొదట్లోనే పోలేరమ్మ గుడి. దాన్ని రోడ్డు మీద కట్టడం తప్పని పత్రికలకు రాసినవాణ్ణి నేను. ఇప్పుడదే నా ఇంటికి గుర్తని చెప్పడానికి నోరు రాలేదు. "డోర్ నంబరు చాలదా?" అన్నాను.

చాలలేదు. పాత సర్వే, కొత్త సర్వే కలిసిపోయి మా నంబరు ఊళ్లో ఇంకో ఇంటికీ ఉంది. బండి అక్కడికి వెళ్లింది.

నేను మళ్లీ ఫోన్ చేసి డోర్ నంబరే చెబుతుంటే, పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పోలేరమ్మ గుడి పక్క సందమ్మా, తొందరగా పంపించు." తర్వాత నావైపు తిరిగింది. "గుడి పేరు నేనే చెప్పగా లేనిది, మీకేమొచ్చింది మాస్టారూ?"

బండి వచ్చింది, నా భార్య బతికింది. నాది హేతువాదం కాదు, మొండితనం. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ మనిషి ప్రాణం, డ్రైవరుకు ఏ గుడి తెలుసన్న దాని మీద ఆధారపడటమూ న్యాయం కాదు. కరెంటు స్తంభాలన్నిటికీ నంబర్లు వేసి, ఆ జాబితా అంబులెన్సు వాళ్లకివ్వాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను.

కౌన్సిల్ సమావేశంలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. నంబర్లెందుకు, వీధులకు నాయకుల పేర్లు పెడదామన్నారొకరు. ఏ కులం నాయకుడి పేరన్న దగ్గర అరగంట గొడవైంది. అంకెలకు కులం లేదని లేచి అరవబోయి ఆగాను. అది సర్దుకున్నాక ఇంకొకాయన లేచాడు. "ఎనిమిది అచ్చిరాదండీ. ఇళ్ల ముందు ఆ అంకె వేస్తే జనం ఊరుకోరు."

ఛైర్‌పర్సన్ గారు కళ్లద్దాలు తీసి ఆయన్ని చూశారు. "మీరు గెలిచింది ఎనిమిదో వార్డులోనేగా? రాజీనామా ఇచ్చేస్తారా మరి?"

సభంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. తీర్మానం నెగ్గింది. నెల తిరక్కుండా పసుపు రంగు మీద నల్ల అంకెలు వచ్చాయి.

ఈ ఏడు మళ్లీ మిర్చి ఘాటు గాలిలోకెక్కింది. ఒక పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి ఆమె గోడ పట్టుకుంది. ఫోన్ చేసి, "స్తంభం రెండొందల పద్దెనిమిది" అన్నాను. అవతలి అమ్మాయి అంకె తిరిగి చదివి, బండి బయల్దేరిందని చెప్పింది. ఇంకేమీ అడగలేదు. నేను చెప్పులు వెతుక్కునే లోపే సైరన్ సందులోకి వచ్చింది.

బండిలో ఆక్సిజన్ పెట్టారు. గుంటూరు రోడ్డెక్కేసరికి ఆమె గోళ్లకు మళ్లీ రంగొచ్చింది. అటెండరు కాగితం తీసి వయసెంతన్నాడు.

"యాభై తొమ్మిది" అన్నాను.

ఆమె మాస్కు పైకెత్తింది. "యాభై ఏడు."

"మాట్లాడకండమ్మా" అన్నాడతను.

"ఆయన్ని సరిగ్గా చెప్పమనండి" అని మాస్కు మళ్లీ పెట్టుకుంది. నేను యాభై ఏడని రాయించి, చాలాసేపటికి వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.