అక్షరం మీది గీత

మా తిరుత్తణి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వెనక్కి జరిపే మీటను ముట్టుకోవడమంటే దొంగతనం చేసినంత తప్పు. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం కొట్టామా, మాస్టరు కాగితాన్ని మిషన్‌లోంచి సర్రున లాగి, నాలుగు ముక్కలు చేసి మన ఒళ్లోనే పడేసేవారు. "స్ట్రైక్ ఓవర్ జేసినావంటే పరీక్షలో మార్కు పోతాది, ఉద్యోగంలో మానం పోతాది" అనేవారు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. లోయర్ పరీక్షలో ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇరవై ఏళ్ల దాన్ని, పొగరు నెత్తికెక్కింది. నేను కొట్టిన కాగితంలో తప్పు దొరకదని నలుగురూ చెప్పుకోవాలని ఒకటే తపన.

అది డెబ్బైల చివరి మాట. ఫ్రెంచి వచ్చిన టైపిస్టులకు మద్రాసు కంపెనీల్లో గిరాకీ ఉందని ఎవరో అంటే, శనివారం శనివారం పొద్దున రైలెక్కి తిరువళ్లూరు పోయి ఒక పెద్దాయన దగ్గర నేర్చుకునేదాన్ని. ఆయనది యానాం. ఫ్రెంచివాళ్లు ఏలిన రోజుల్లో అక్కడి ఆఫీసులో గుమాస్తాగా చేశారు. వయసు మీదపడ్డాక, రైల్వేలో పనిచేసే అల్లుడి ఇంటికి వచ్చి చేరారు. అరవం కలిసిన నా తెలుగు విని, "ముందు నీకు తెలుగు నేర్పాలమ్మాయ్, ఫ్రెంచి తర్వాత చూద్దాం" అని నవ్వేవారు.

ఫ్రెంచి అక్షరాల నెత్తిన గీతలుంటాయి. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవన్నీ ఇంగ్లీషు మిషన్లు, వాటిలో ఆ గీతలు లేవు. పెద్దాయన ఉపాయం చెప్పారు. 'ఈ' అక్షరం కొట్టి, ఒక గడి వెనక్కి జరిపి, దాని మీద అపాస్ట్రఫీ కొట్టాలి. 'సి' కింద తోక కావాలంటే అలాగే వెనక్కి జరిపి కామా కొట్టాలి. ఎడమవైపు వాలిన గీతకూ, చిన్న గొడుగులాంటి గుర్తుకూ మిషన్‌లో దిక్కే లేదు. వాటిని పెన్నుతో పెట్టుకోవాలి.

"అది స్ట్రైక్ ఓవర్ గదండీ!" అన్నాను, నోరు తెరుచుకుని.

"మా ఆఫీసుకి ఇంగ్లీషు మిషన్ వచ్చినప్పుడు ఇలాగే కొట్టేవాళ్లమమ్మా. ఏ దొరా చింపి పారెయ్యలేదు" అన్నారాయన.

నాకు మాత్రం ధైర్యం చాలలేదు. మాస్టరు టీకి వెళ్లినప్పుడు దొంగచాటుగా సాధన చేసేదాన్ని. అపాస్ట్రఫీని గట్టిగా కొడితే కాగితానికి చిల్లు పడేది. మెల్లగా కొడితే గీత కనబడేది కాదు. ఒక్కోసారి గీత పక్కకు జరిగి, అక్షరానికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది.

ఇక అమ్మ సంగతి చెప్పాలి. మా ఊరు తిరుత్తణికి నాలుగు మైళ్లు. అక్కడ ఒక ఫ్రెంచి సిస్టరు నడిపే చిన్న ఆసుపత్రిలో నా చిన్నప్పుడు అమ్మ ఆయా. ఆ సిస్టరమ్మ మా తెలుగు మాలాగే మాట్లాడేది, చదవడం మాత్రం రాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా తమ్ముడికి ఒంటినిండా తట్టు పోసింది. మేము ఆదివారం చర్చికి పోయేవాళ్లమే. అయినా మా వైపు తట్టంటే అమ్మవారు ఇంటికి రావడమే. అమ్మవారు ఇంట్లో ఉండగా సూది పొడిపించకూడదు. అమ్మ ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా, వాకిట్లో వేపరొట్ట కట్టి, బిడ్డ లేస్తే పెరియపాళయం అమ్మవారి గుడికి వచ్చి వేపాకు చీర కట్టుకుంటానని మొక్కి, మూడు రోజులు వాణ్ణి ఇంట్లోనే పెట్టుకుంది. నాలుగో రోజు ఊపిరి ఎగబీలుస్తుంటే ఎత్తుకుని పరిగెత్తింది. సిస్టరమ్మ సూది వేసింది. గంటకల్లా వాడు పోయాడు.

"నీ సూదే నా బిడ్డను సంపింది!" అని అమ్మ ఆసుపత్రి వాకిట్లో పదిమంది ముందు అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాత చాలాకాలం జనం ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. అమ్మ పనికి పోవడం మానేసింది. మరుసటి ఏడు సిస్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతుంటే, వీడ్కోలు చెప్పడానికి ఊళ్లో సగంమంది పోయారు. అమ్మ పోలేదు.

తమ్ముడు పోయిన పన్నెండేళ్లకు కబురు వచ్చింది. సిస్టరమ్మకు చూపు పోయింది, మంచాన పడి ఉంది, ఎన్నాళ్లో ఉండదు. ఆసుపత్రిలో అప్పుడున్న మలయాళీ సిస్టరు ఆ సంగతి చెప్పి, ఎవరైనా ఉత్తరం రాయాలనుకుంటే రాయండి అంది. ఆ దేశంలో ఆమెతో ఉన్న ముసలి సిస్టర్లకు ఫ్రెంచి తప్ప రాదు, వాళ్ల కళ్లూ అంతంతమాత్రమే, టైపు చేసి పంపితే చదివి వినిపిస్తారు అంది. అమ్మ ఆ సాయంత్రం చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"పాపా, ఆ ఫ్రెంచి సదువు నీకు ఉద్యోగానికి. నాకు ఒక్క ఉత్తరానికి గావాల."

"ఏం రాయాలమ్మా?"

"రాసుకో. సిస్టరమ్మా, నా బిడ్డను నీ సూది సంపలేదు. అమ్మవారని నేనే మూడు దినాలు ఇంట్లో పెట్టుకోని ఆలస్యంగా తెచ్చినా. అది నీకు తెలుసు. అయినా నువ్వు నన్నొక మాట అనలా. తప్పు నాది. మన్నించు." మళ్లీ చేట అందుకుంది. "ఆయమ్మ తిట్టింటే బాగుండు. తిట్టలా. ఆ బరువు నన్ను తింటాండాది. ఈ మాటలు ఈడ నువ్వు తప్ప ఇంగెవురూ సూడగూడదు."

అమ్మ ఏడుస్తుంటే నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ ఏడవలేదు. బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతూనే ఉంది.

ఆ నాలుగు ముక్కలను ఫ్రెంచిలోకి తేవడానికి, ఒక్కో వాక్యాన్నీ పాఠంలో వాక్యాల మధ్య ఇరికించి, వరస తప్పించి పెద్దాయనను అడిగాను. ఆయనకు తెలియకూడదని నా తెలివి. ఆయన అన్నీ దిద్ది ఇచ్చి, "దీన్ని తొందరగా పంపించమ్మాయ్" అన్నారు. ఏ సంగతి అని అడగలేదు.

మరుసటి శనివారానికి మొదటి ప్రతి సిద్ధమైంది. ఆయనకు దూరం నుంచే చూపించాను, మాటలు కాదు, గీతలు. "బాగుంది. ఇటే పోస్టాఫీసుకి వెళ్లు" అన్నారు. నేను రైల్లో కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకున్నాను. రెండు చిల్లులు. ఒక గీత పక్కకు జరిగింది. పెన్నుతో పెట్టిన చోట సిరా కాస్త ఊరింది. మాస్టరు చూస్తే నాలుగు ముక్కలే. మన్నించమని అడిగే ఉత్తరం ఇంత మురికిగా పోవడమా అనుకుని, ఇల్లు చేరకముందే చింపేశాను.

రెండో వారం రోలరును అర గడి తిప్పి కొట్టే ఉపాయం కనిపెట్టాను. గీతలు కుదిరాయి, కానీ చివరి వరసలో వేలు జారింది. మూడో వారం ఆడి కృత్తిక పండగకు మురుగన్ కొండకు కావళ్లు మోసుకొచ్చే జనంతో తిరుత్తణి నిండిపోయి ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. నాలుగో వారం రిబ్బను పాతబడి అక్షరాలు వెలవెలబోతే, కొత్తది వేసేదాకా ఆగాను. పెద్దాయన ప్రతి శనివారం గుమ్మంలోనే అడిగేవారు, "పోస్టు చేశావా?" అని. అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. రాయడం వచ్చిన కూతురు చేస్తోందిలే అని నమ్మింది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మొదటి ప్రతి చింపిన ఐదు వారాలకు ఒక్క తప్పు లేని ప్రతి వచ్చింది. ముద్దు పెట్టుకుని పోస్టు డబ్బాలో వేశాను.

నెల దాటాక జవాబు వచ్చింది. కాగితం విప్పగానే నేను ముందు ఏం చూశానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. గీతలు చూశాను. వాళ్ల మిషన్ వాళ్ల భాషది కదా, ప్రతి గీతా దాని అక్షరం మీద కుదురుగా కూర్చుంది. మూడో వరసలో మాత్రం ఒక తప్పు మాటను ఎక్స్‌లతో కొట్టేసి, పక్కనే సరైన మాట కొట్టి, అలాగే పంపేశారు.

ఆ తర్వాత చదివాను. సిస్టరమ్మను మట్టి చేసిన నాలుగో రోజున మా ఉత్తరం చేరింది. ఊరినుంచి ఎవరో రాస్తారని మలయాళీ సిస్టరు ముందే తెలిపిందట. అది విన్నప్పటినుంచి సిస్టరమ్మ రోజూ తపాలా వచ్చే వేళకు అడిగేదట, ఆయా దగ్గరనుంచి ఏమైనా వచ్చిందా అని. ఎవరు రాస్తారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎదురుచూసింది మా అమ్మకోసమే.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. చదివి చెప్పాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వింది. అబద్ధం చెప్పొచ్చు, దూరదేశం, తపాలా ఆలస్యమని అనొచ్చు. నాకు నోరు రాలేదు.

"అమ్మా, ఉత్తరం పోస్టు చేసేదానికి ఐదు వారాల ముందే తయారైంది. చదవడానికి బాగానే ఉండింది. గీతలు అందంగా రాలేదని నేనే చింపి చింపి కొట్టినాను."

తిడుతుందని నిలబడ్డాను. గరిటెతో కొట్టినా కొట్టించుకునేదాన్ని. అమ్మ గరిటెను పొయ్యి గట్టు మీద పెట్టింది.

"మూడు దినాలు ఆలస్యంగా తెచ్చినానని ఆయమ్మకు తెలుసు. నన్నొక మాట అనలా" అంది. "నేనూ నిన్ను అనను. పో, సేతులు కడుక్కోని రా."

అన్నం పెట్టింది. ఆ తర్వాత బతికిన ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టింటే బాగుండు.