మెట్ల దగ్గర ఆగిన పళ్ళెం

మా మేనత్త పోయింది. జగ్గయ్యపేట నుంచి అమ్మ ఫోన్ చేసేసరికి నేను నందిగామ బళ్ళో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. శ్రీరామనవమికి ఇంకా పది రోజులుంది. నిజం చెప్పొద్దూ, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఈ ఏడాదైనా ఆమెను పళ్ళెంతో గుడి మెట్లెక్కించాలనుకున్నాను మరి.

పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. అప్పటి నుంచి మా రామాలయంలో కల్యాణానికి గోటి తలంబ్రాలు ఆమె చేతివే. రోకలి తగలకూడదు, మిల్లుకు వెయ్యకూడదు, ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలవాలి. వత్సవాయి నుంచి వడ్లు రాగానే వంటింటి గడప దగ్గర చాప వేసుకుని కూర్చునేది. అందుకోసం కుడి బొటనవేలి గోరు ఒక్కటే పెంచేది. నేను సాయం కూర్చుంటే నాలుగు గింజలకే విరిచేసేదాన్ని. "నువ్వు లెక్కలు చూసుకోవే తల్లీ, రాముడికి నూకలు పెడతావా?" అని నవ్వేది. నాకు కాస్తో కూస్తో ఓపిక అబ్బిందంటే ఆ చాప మీదే.

తీరా నవమి రోజున ఆ పళ్ళెం గుడికి మోసేది మా అమ్మ. ముత్తయిదువ కదా! అత్తయ్య జనం వెనక, చెప్పులు విడిచేచోట నిలబడి మైకులో పెళ్ళి వినేది. గుడి కమిటీ పెద్దాయన్ని అడిగాను.

"ఒలిచిన గోళ్ళకు లేని దోషం మోసే చేతులకెక్కడిదండీ?"

"ఒలవడం ఇంట్లో సంగతమ్మా. తేవడం నలుగురిలో సంగతి."

ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు వాళ్ళ ప్రాణాలు తోడేశాక, నిరుడు విసిగిపోయి సరేనన్నారు. అత్తయ్య తలంటుకుంది, కొత్త నేతచీర కట్టింది, పళ్ళెం పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"నువ్వు పట్టుకెళ్ళు వదినా. రేపెవరింట్లో ఏం జరిగినా నా మొహం చూడబట్టే అంటారు."

ఊరితో పోట్లాడి గెలిచాక ఆమెతోనూ పోట్లాడాల్సి వస్తుందనుకోలేదు. రెండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. "అన్నం తిని కోప్పడు, ఓపికుంటుంది" అంటూ కంచం పెట్టింది. "వచ్చే ఏడు చూద్దాంలేవే" అని కూడా అంది. ఆ మాట పట్టుకునే ఏడాదంతా ఉన్నాను.

ఇప్పుడు, అత్తయ్యను ఇంకా సాగనంపకముందే పలకరింపుకు వచ్చిన కమిటీ పెద్దాయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించాడు.

"తలంబ్రాలు ఎంతవరకు ఒలిచిందమ్మా?"

"సగం పైనే అయ్యాయండి."

"అయ్యో. మైల ఇల్లు కదా, ఇక పనికిరావు. వేరేవి చూసుకుంటాం."

తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆఖరి స్నానం చేయించేటప్పుడు అత్తయ్య చేతులు నేనే కడిగాను. కుడి బొటనవేలి గోటి కింద చిన్న ఊక ముక్క ఇరుక్కుని ఉంది. "అది తీసెయ్యవే" అంది అమ్మ. నేను తియ్యలేదు. వేళ్ళు మూసి అలాగే పంపాను.