కూసున్న, ఇగ పోనియ్

మాది ఇల్లందు. బొగ్గు గనిలో పని చేస్తాను. ఏటా చలికాలంలో ఒకరోజు సెలవు పెట్టి, నేనూ నా భార్యా బండి మీద భద్రాచలం నుంచి పర్ణశాల దాకా గోదావరి పక్కనే వెళ్లేవాళ్లం. ఒకసారి దారిలో టీ తాగాక, ఆమె ఎక్కకముందే బండి పోనిచ్చాను. రెండు కిలోమీటర్లు ఒక్కణ్ణే మాట్లాడుకుంటూ పోయాను. అప్పట్నుంచి ఆమె భుజం తట్టి, "కూసున్న, ఇగ పోనియ్" అంటేనే కదిలేవాణ్ణి.

ఆమె పోయి ఏడాదైంది. మొన్న ఒంటరిగా వెళ్లాను. అదే కొట్టు దగ్గర టీ తాగి బండి స్టార్ట్ చేశాను. కానీ కదల్లేదు.

"ఎవలకోసం సూస్తున్నవన్నా?" అని టీకొట్టు ఆమె అడిగేదాకా, ఆ చెయ్యి కోసమే ఆగానని నాకే తెలియలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆటో కోసం నిలబడ్డ ఒక ముసలమ్మ, తనకోసమే ఆగాననుకుందేమో, సంచితో వచ్చి వెనక కూర్చుంది. నా భుజం తట్టి, "కూసున్న బిడ్డా, పోనియ్" అంది.

ఎక్కడికని అడక్కుండానే గేరు వేశాను. గోదావరి వైపు చూడకుండా బండి నడిపాను. తన ఊరు రాగానే ముసలమ్మ ఆపమని చెప్పి, దిగి వెళ్లిపోయింది.

అక్కణ్ణుంచి మళ్లీ బయల్దేరడానికి నాకు చాలాసేపు పట్టింది.