రెప్పలున్న చేపలు

ఆ చిత్రశాలలో ఒకడు గీతలు గీస్తాడు, ఒకడు ముఖాలు దిద్దుతాడు. తాతది మాత్రం నీళ్లు. నలభై ఏళ్లుగా నీళ్లే. ఏ పవిత్ర గ్రంథంలో నది పొంగినా, పడవ మునిగినా ఆ కాగితం తిన్నగా ఆయన ముందుకే వచ్చేది. అందుకే అందరికీ నీళ్ల తాత అయిపోయాడు. మెడ వంగిపోయింది, చూపు మసకబారింది. "ఇక నన్నొదిలెయ్యండ్రా బాబూ" అని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాడు. "ఈ ఒక్క పుస్తకం కానీ తాతా" అని మేస్త్రి రెండేళ్లుగా దాటేస్తున్నాడు.

ఈసారి పుస్తకం పరాయివాళ్లది. వాళ్ల భాషలోంచి ఇక్కడి భాషలోకి దించుతున్నారు. అందులో దేవుడు సముద్రం మీద పడుకుని నిద్రపోతాడట.

"నీళ్ల మీద పడుకుంటే తడవడూ?" పక్కన రంగు నూరుతున్న కోడల్ని అడిగాడు తాత.

"దేవుడు కదా మామయ్యా, సర్దుకుంటాడు."

"అదృష్టవంతుడు. నన్ను మంచం మీదైనా పడుకోనివ్వట్లేదు."

అప్పుడు తట్టింది తాతకి. పని పాడుచేస్తే వాళ్లే గెంటేస్తారు కదా! సముద్రంలోని చేపలన్నిటికీ ఓపిగ్గా రెప్పలు పెట్టి, కళ్లు మూసి నిద్రపుచ్చేశాడు.

కోడలు గుడ్లప్పగించింది. "చేపలకి రెప్పలేంటి మామయ్యా! మేస్త్రి తంతాడు."

"తన్నమను. తన్ని ఇంటికి పంపమను."

మేస్త్రి ముఖం కందగడ్డలా అయింది. "కళ్లు పూర్తిగా పోయాయి తాతా నీకు!" తాత బుద్ధిగా తలూపి, కుంచెలు మూట కట్టడం మొదలెట్టాడు.

ఖర్మ కాలి, ఆ గ్రంథానికి అర్థం చెప్పడానికి వాళ్ల దేశం నుంచి వచ్చిన పెద్దాయన అప్పుడే బొమ్మలు చూడ్డానికి లోపలికొచ్చాడు. ఆ కాగితం అందుకుని, చేపల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమి, తాత వైపు తిరిగాడు.

"ఆ దేవుడు నిద్రపోతే లోకమంతా నిద్రపోతుంది. మీ భాష చాలక ఆ ముక్క నేను చెప్పనేలేదు. మీకెలా తెలిసింది?"

"నాకు నిద్రొస్తోందయ్యా, అంతే" అన్నాడు తాత. కల్లాకపటం లేకుండానే అన్నాడు.

పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఎంత మాటన్నారు!"

మర్నాడు తాత పీట మీద పద్దెనిమిది కాగితాలు. అన్నిట్లోనూ నీళ్లే. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నీలం నూరుతోంది.

"నవ్వింది చాల్లే, కాస్త మెడ నొక్కు" అన్నాడు తాత.

మొదటి కాగితంలో దేవుడు లేచి కూర్చున్నాడు.

"నిన్నూ లేపేశారా పాపం" అంటూ కుంచె తడిపి, చేపకి కన్ను తెరిచాడు.