కార్ల్ తప్పిన చరణం

ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని మా ఊళ్లో బొగ్గు గనులు మూతపడ్డాక కూడా మగపిల్లలకు రెండు చోట్లు మిగిలాయి. ఒకటి రగ్బీ మైదానం, రెండోది మేం ప్రార్థనకు వెళ్లే చిన్న చాపెల్. కార్ల్ ఓల్డ్‌రాయ్డ్ రెండింటినీ విడవలేదు. నేను పాఠాలు చెప్పిన ఆదివారపు బడిలో ముందు బెంచీ మీద కాళ్లూపుతూ వాక్యాలు వల్లించినవాడే, పెద్దయ్యాక మా ఊరి క్లబ్‌లో జీతానికి ఆడే ఆటగాడయ్యాడు.

వాడి చోటు ముందు వరుస. బంతి చంకన పెట్టుకుని తల వంచి ఎదుటివాళ్ల గుంపులోకి దూసుకుపోవాలి. ముగ్గురు మీదపడి పడగొడితే, లేచి మళ్లీ పోవాలి. పేరంతా మైదానం అంచున పరుగెత్తే కుర్రాళ్లది. వాళ్లకు దారి చేసేది కార్ల్ లాంటివాళ్లు. ఏళ్లు గడిచేసరికి వాడి ముక్కు వంకరపోయింది, చెవులు ముద్దలయ్యాయి. అయినా ఆదివారం పొద్దున్నే వాచిన కన్నుతో వచ్చి కుర్చీలు సర్దేవాడు. మెట్లెక్కలేని ముసలమ్మలను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేవాడు.

ఆ జనవరిలో ఒక ఆదివారం నా పక్కన నిలబడి పాడుతూ రెండో చరణంలో ఆగిపోయాడు. చిన్నప్పటినుంచీ పుస్తకం చూడకుండా పాడిన కీర్తన అది. నా పుస్తకం వాడివైపు జరిపి, పాడుతున్న పంక్తి కింద వేలు పెట్టాను. ఆ వేలు వెంటే పాడుకొచ్చాడు. మరుసటి వారమూ అంతే.

ఆ రోజు ఆరాధన అయ్యాక నేనూ కార్లూ టీ కప్పులు కడుగుతున్నాం.

“ఒంట్లో బాగుంటోందా నాయనా?”

“ముసలోణ్ణయ్యాను ఆంటీ. మీరే నయం, మీకింకా పళ్లున్నాయి.”

నవ్వాను. తుడిచిన కప్పునే మళ్లీ తుడుస్తూ తనే మొదలుపెట్టాడు.

“ఏటా చలికాలంలో, ఆటలు మొదలయ్యేముందు క్లబ్ డాక్టర్ మా ఆటగాళ్ల జ్ఞాపకశక్తి చూస్తాడు. కొన్ని మాటలు చెప్పి, తిరిగి చెప్పమంటాడు. మేం కావాలనే తప్పులు చెప్తాం. ఆటలో తలకి దెబ్బ తగిలాక మళ్లీ చూస్తే, ముందూ ఇంతేగా అని ఆడనిస్తారని.”

“అబద్ధం కదరా అది!”

“అబద్ధమే. ఈసారి మనసొప్పక నిజాయితీగా చెప్పాను ఆంటీ. కావాలని తప్పినప్పుడు ఎన్ని మాటలొచ్చాయో, ఇప్పుడూ అన్నే వచ్చాయి. ‘ఏం మార్పు లేదు, భేష్’ అన్నాడు డాక్టర్. క్లబ్ ఇంకో ఏడాది ఆడమంటోంది. జానిస్‌కి చెప్పలేదు.”

ట్రే కోసం వచ్చిన వాడి భార్య జానిస్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నాకు తెలీదనుకున్నావా? మొన్న మంగళవారం చేపలూ చిప్సూ రెండుసార్లు కొనుక్కొచ్చావు. మిగిలిందంతా తినకుండానే మన కుక్క లావెక్కుతోందా?”

కార్ల్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. సింకు అంచు పట్టుకుని, “అలిసిపోయాను జానిస్” అన్నాడు. జానిస్ వాడి చేతిలో కప్పు తీసి పక్కన పెట్టి, ఆ తడి చేతులు తన గౌనుకే తుడిచింది.

నేనేమీ బోధించలేదు. ప్రభువు తన పని చేసుకుంటూంటే మధ్యలో మన గొంతెందుకు?

సోమవారం ఇద్దరూ క్లబ్ డాక్టర్ దగ్గరికి వెళ్లారు. తర్వాత జానిస్సే చెప్పింది. కారు దిగబోతూ కార్ల్ ఆగాడట.

“ఇక ఆడనని చెప్పాలి. ఇన్నాళ్లు తప్పులు చెప్పింది కూడా చెప్పాలి. లోపలికెళ్లాక నేను మర్చిపోతే నువ్వు చెప్పు. మర్చిపోయినట్టు నటించినా నువ్వే చెప్పు.”

“చెప్తాలే. పద.”

అంతా వాడే చెప్పాడట. ఆమె వాడి టోపీ ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుందట.