అడుగున ఎర్ర చుక్క

గెరిల్లా అన్న మాటకు తెలుగేమిటని నేను ఒక వేసవంతా వెతికాను. అప్పట్లో నందిగామలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ప్రైవేటుగా బి.ఏ. కట్టేవాళ్లకు అమెరికా చరిత్ర ఒక పేపరు. అందులో వాళ్ల అంతర్యుద్ధం తప్పకుండా వచ్చే ప్రశ్న. బానిసలను వదులుకోలేని దక్షిణాది రాష్ట్రాలు విడిపోతామన్నాయి, ఉత్తరాది ఒప్పుకోలేదు, నాలుగేళ్లు కొట్టుకున్నారు. గైడ్లలో ఉన్నదల్లా సేనాపతుల పేర్లు, తేదీలు. నాకు సేనాపతులు లేని యుద్ధం మీద ఆసక్తి. వంతెనలు తగలబెట్టినవాళ్లు, మారువేషంలో శత్రువు ఊళ్లో దిగినవాళ్లు, గుర్రాలమీద వచ్చి కొట్టి అడవిలో కలిసిపోయినవాళ్లు. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం నిండా వాళ్లే ఉన్నారు. ప్రతి ఆదివారం జగ్గయ్యపేట వెళ్లి, ఒక బట్టల కొట్టు మేడమీద, మా హేతువాద మిత్రులకు దాన్ని తెలుగు చేసి చెప్పేవాణ్ణి.

ఆ యుద్ధరీతికి మన జనం నోట ఉన్న మాట దొంగదెబ్బ. నేను ఒప్పుకోలేదు. ఫిరంగులున్నవాడు చేస్తే యుద్ధం, లేనివాడు చేస్తే దొంగతనమా? ఈ పేర్లు పెట్టిందెవరు అని మేడ అదిరేలా వాదించాను. చివరికి మాటుయుద్ధం అని నేనే ఒక మాట కట్టాను. ఎవరూ కాదనలేదు. ఆ మాటను చూసుకుని కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

బట్టల కొట్టు యజమాని కొడుకు, నా ఈడువాడు, నా శ్రోతల్లో అందరికన్నా హుషారైనవాడు. అతనికి రైలింజను కథ ఇష్టం. ఉత్తరాది సైనికులు కొందరు మామూలు బట్టల్లో ప్రయాణికుల్లా రైలెక్కి, సిబ్బంది పలహారానికి దిగిన స్టేషన్లో ఇంజను ఎత్తుకుపోయారు. దొరికిపోయాక కొందరిని ఉరితీశారు. మిగతావాళ్లకు పడవల కథ ఇష్టం. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఒక స్త్రీ ఉత్తరాది పడవలకు దారి చూపి, నది వెంబడి పొలాల్లో ఉన్న వందలాది మంది బానిసలను ఎక్కించుకుని వచ్చింది. పొయ్యిమీద ఉడుకుతున్న కుండను అలాగే నెత్తిన పెట్టుకుని జనం పడవల దగ్గరికి పరుగెత్తారట.

బానిసల యజమానుల పక్షాన కూడా గెరిల్లాలున్నారని దాచలేదు. వాళ్లు ఒక ఊరిమీద పడి మగవాళ్లను చంపి, ఇళ్లు తగలబెట్టి, గుర్రాలెక్కి వెళ్లిపోయారు. అందుకు ప్రతిగా ఉత్తరాది సైన్యం సరిహద్దు జిల్లాల జనంచేత ఇళ్లు ఖాళీ చేయించింది. కొట్టినవాడు అడవిలో ఉన్నాడు, శిక్ష పొలంలో ఉన్నవాడికి పడింది. ఈ వాక్యం నా నోట్సులో ఇప్పటికీ ఉంది. కింద గీత కూడా గీశాను. గీత గీయడం, అర్థం కావడం ఒకటి కాదు.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఒక టీ హోటలు ఉండేది. గాజు గ్లాసులన్నీ చూడటానికి ఒకేలా ఉండేవి. కొన్నింటి అడుగున మాత్రం గోరంత ఎర్ర పెయింటు చుక్క. చుక్క గ్లాసులు బయట పంచలో ఒక చెక్కబల్లమీద బోర్లించి ఉండేవి. మాలపల్లె నుంచి, మాదిగగూడెం నుంచి వచ్చిన కూలీలు వాటిలోనే టీ తాగాలి, వాళ్లే కడిగి మళ్లీ బోర్లించాలి. లోపలి గ్లాసులు కడగటానికి ఒక నడివయసు ఆమె ఉండేది. ఆ చుక్క పెట్టిన హోటలాయన గొప్ప భక్తుడు. ఏటా వైశాఖంలో వేదాద్రి నరసింహస్వామి కల్యాణానికి తప్పకుండా వెళ్లేవాడు. స్వామి ముందు అందరూ ఒకటేనని చెప్పేవాడు. టీ ముందు మాత్రం కాదు.

ఆ చుక్క చెరిపేద్దామన్నది బట్టల కొట్టు మిత్రుడి ఆలోచన. రైలింజను కథ అతని బుర్రలో తిరుగుతూ ఉంది. నాకు ఆ క్షణంలోనే ఒళ్లు పులకరించింది. కల్యాణం ముందురోజు అతను గ్లాసులు కడిగే ఆమెను మాటల్లో పెట్టి ఆచూకీ తీశాడు. రేపు హోటలు ఉండదని, అయ్యగారు వేదాద్రి పోతారని, అంట్లు తోమటానికి తనొక్కతే ఉంటానని ఆమె చెప్పింది. దాన్ని మేము వేగుల సమాచారం అని పిలుచుకుని నవ్వుకున్నాం. ఆమె మాకు వేగు చెబుతున్నట్టు ఆమెకు తెలియదు.

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా వెళ్లాం. గ్లాసులన్నీ పెరట్లో ఒకే చోట ఉన్నాయి. దాహంగా ఉందన్నాను. కుండలో నీళ్లు వెచ్చగా ఉన్నాయని వంక పెట్టాను. ఎండన పడి వచ్చారని జాలిపడి ఆమె బిందె తీసుకుని వీధి పంపుకు వెళ్లింది. ఆమె వచ్చేలోగా కిరసనాయిలు గుడ్డతో చుక్కలన్నీ తుడిచి, బయటి గ్లాసులూ లోపలి గ్లాసులూ కలిపేశాం. ఆమె తెచ్చిన చల్లటి నీళ్లు ఏ గ్లాసులో తాగామో మాకే తెలియదు. నందిగామ బస్సులో కూర్చుని దారంతా నాలో నేను నవ్వుకున్నాను.

తరవాతి ఆదివారం విజయం చూసుకుందామని హోటలుకు వెళ్లాను. లోపల బల్లలమీద తళతళలాడే కొత్త స్టీలు గ్లాసులు. పంచలో చెక్కబల్లమీద పాత గాజు గ్లాసులు. చుక్కతో ఇక పనేముంది? చుక్కయితే అడుగున దాక్కునేది. ఇప్పుడు రోడ్డు మీదనుంచే ఎవరు ఎవరో తెలుస్తోంది. పెరట్లో అంట్ల దగ్గర ఎవరో ముసలాయన ఉన్నాడు.

"ఎవరో దొంగదెబ్బ తీశారు మాస్టారూ," అన్నాడు హోటలాయన, నా ముందు స్టీలు గ్లాసు పెడుతూ. "ఎవరో ఏంది, ఆ అంట్లు తోమేదే. బూడిదేసి రుద్దితే చుక్క పోకేం జేస్తది? మాన్పిచ్చేశా."

నేను ఒక ఎండాకాలం పాటు వాదించి పక్కన పెట్టిన మాట ఆయన నోట విని తలవంచుకుని టీ తాగాను. అవును, తాగాను. అది కూడా రాయాలి కదా.

ఆమె గుడిసె వత్సవాయి రోడ్డులో ఉంది. మిరపకోతలు అయిపోయాయి, తొలకరి ఇంకా రాలేదు, పొలాల్లో పని దొరకని రోజులు. కూతురు పురిటికి వచ్చి ఉంది. మిత్రుడూ నేనూ వెళ్లేసరికి ఆమె అరుగు అలుకుతోంది. మేమెందుకు వచ్చామో చెప్పకముందే ఆమె చెప్పింది, ఆ రోజు గ్లాసులన్నీ కిరసనాయిలు కంపు కొట్టాయని, రెండుసార్లు కడిగానని.

మరి హోటలాయనకు ఆ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే నమ్ముతాడా? రైతుల బిడ్డ, మాస్టారు, మీరూ శెట్టిగారబ్బాయీ వచ్చి గ్లాసులు తుడిచి పోయారంటే నాకే పిచ్చంటాడు."

నేను నా పుస్తకం తీశాను. బలం లేనివాళ్లు బలమున్నవాళ్లతో ఎలా పోరాడారో, మాటుయుద్ధం అంటే ఏమిటో ఆమెకు ఎంతో ఓపికగా చెప్పాను. ఆమె కూడా అంతే ఓపికగా విన్నది.

"మాటు మీకు, దెబ్బ నాకు," అంది. "బాగుందయ్యా యుద్ధం."

ఉపన్యాసాల్లో నన్ను చాలామంది ఎదిరించారు. పండితులు, పూజారులు, ఒకసారి వాస్తు చెప్పేవాడు కూడా. ప్రతిసారీ పుస్తకం తెరిచి జవాబు చెప్పాను. ఆ రోజు పుస్తకం మూశాను. మిత్రుడు తమ కొట్లో పని ఇప్పిస్తానన్నాడు. నేను పేరు లేకుండా ఒక కరపత్రం వేద్దామన్నాను. ఆమె నవ్వి, పేరు లేకుండా ఎందుకని అడిగింది. తనకు వేరే పని వద్దట. చెయ్యని తప్పుకు పోయిన ఆ పనే కావాలి, ఆ తప్పు ఎవరిదో నలుగురూ ఉండగా చెప్పాలి.

నాకు భయం వేసింది. మా నాన్న పేట వస్తే టీ తాగేది ఆ హోటల్లోనే. మా ట్యుటోరియల్ యజమానికి హోటలాయన దగ్గరి చుట్టం. కానీ బస్సులో ఆ వాక్యం మళ్లీ చదివాను. కొట్టినవాడు అడవిలో ఉన్నాడు. ఆ పడవలు మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లాయి. మేము గుడ్డముక్క జేబులో పెట్టుకుని వచ్చేశాం. అంతే తేడా. ఆ తేడాయే అసలు చరిత్ర.

ఆ వచ్చే ఆదివారం ఉదయం, హోటలు నిండుగా ఉన్నప్పుడు ముగ్గురం వెళ్లాం. ఆమె పంచలో నిలబడింది. నేను లోపల నిలబడి, చుక్కలు చెరిపింది మేమిద్దరమేనని, ఆమెను మోసం చేసి నీళ్లకు పంపామని, ఆమె తప్పేమీ లేదని చెప్పాను. హోటలాయన నావంక చూసి సర్దుబాటుగా నవ్వాడు. "పోనీలెండి మాస్టారూ, కుర్రతనం, సరదాకి చేసుంటారు," అన్నాడు.

సరదాకి కాదన్నాను. పంచలోకి వెళ్లి చెక్కబల్లమీద ఒక గాజు గ్లాసు తీసుకుని చాపాను. మిత్రుడూ తీసుకున్నాడు. ఇందులో పొయ్యండి, లోపల అందరికీ కూడా ఇందులోనే పొయ్యండి అన్నాను. లోపలినుంచి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకాయన మా నాన్నతో చెబుతానన్నాడు. తప్పకుండా చెప్పమన్నాను.

హోటలాయన గొంతు తగ్గించాడు. "ఆమె రేపట్నుంచి పన్లోకి వస్తది. మీరా గ్లాసు అక్కడ పెట్టేసి పోండి. సరేనా?"

గ్లాసు నా చేతిలోనే ఉంది. పెడితే ఆమె పని ఆమెకు వస్తుంది. పెట్టకపోతే నా వాదం నాకు మిగులుతుంది. నా వాదానికి ఆమె ఇప్పటికే ఒకసారి మూల్యం చెల్లించింది. ఏం చెయ్యాలో తెలియక ఆమెవైపు చూశాను. జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయాన్ని నేను ఇంకొకరికి వదిలాను.

ఆమె వచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. మిత్రుడి చేతిలోదీ తీసుకుంది. చెక్కబల్లమీద మిగిలినవన్నీ కొంగులో వేసుకుని నేరుగా పెరట్లోకి నడిచింది. ముసలాయన పక్కకు జరిగాడు. ఎంగిలి స్టీలు గ్లాసులు నానుతున్న గంగాళంలోనే ఆ గాజు గ్లాసులన్నీ ముంచింది.

"ఏం జేస్తన్నావు?" అని హోటలాయన గట్టిగా అరిచాడు.

"రమ్మన్నారుగా. రేపటిదాకా ఎందుకని ఇప్పుడే వచ్చా," అంది ఆమె తలెత్తకుండా. "నా పని గ్లాసులు కడగటం. నాకు గ్లాసంటే గ్లాసే."

ఆయన మమ్మల్ని చూశాడు, మిగిలిన జనాన్ని చూశాడు. పొయ్యిమీద టీ పొంగుతుంటే దించటానికి వెళ్లాడు. కడిగిన గ్లాసులు ఆమె ఒకే పళ్లెంలో, స్టీలూ గాజూ పక్కపక్కన బోర్లించి, అందరూ చూస్తుండగా తెచ్చి ఆయన ముందు పెట్టింది.